వీరలక్ష్మి కట్టిన వరుసలు

కాజీపల్లిలో గది కిరాయికి కావాలంటే ఎక్కడైనా ముందు ఆధార్ కార్డు అడుగుతారు, ఏ కంపెనీలో పనో అడుగుతారు. వీరలక్ష్మి ఇంట్లో అవన్నీ తర్వాత. ఆమె అరుగు మీద కూర్చుని, వచ్చినవాణ్ణి కింది నుంచి మీది దాకా చూసి, "నువ్వు నాకు ఏమైతవు?" అని అడుగుతుంది.

అడిగించుకున్నవాడు తెల్లమొహం వేస్తాడు. ఒడిశా నుంచో బీహారు నుంచో బ్యాగు భుజాన వేసుకుని దిగినవాడు ఈమెకు ఏమవుతాడు? ఏమీ కాడు. ఆ జవాబు వీరలక్ష్మి దగ్గర చెల్లదు. మీదేవూరు, మీ అమ్మ ఉందా, నీ వెనక పుట్టినవాళ్లున్నారా అని కూపీ లాగి చివరికి తీర్పు చెప్పేస్తుంది. "అయితే నువ్వు నాకు మరిదివి. ఎల్లయ్యకు తమ్మునివి. ఇగ పో, సామాన్ లోపట వెట్టుకో." వాడికి తెలుగు రాకపోతే తనకొచ్చిన హిందీలో చెబుతుంది. "తుమ్ దేవర్ హోతా, మై భాబీ హోతీ. సమ్జా?" వాడు సమ్జా అంటాడు. గది కావాలి కదా మరి.

నా పేరు సోమేశ్వర్. ఆమె గేటుకు ఎదురుగా నాది కిరాణా దుకాణం. మా తాత సదాశివపేటలో ధాన్యం వ్యాపారం చేశాడు, మా నాయన పటాన్‌చెరులో పప్పులూ ఉప్పులూ అమ్మాడు, నేను ఈ కంపెనీల నడుమకు వచ్చి పడ్డాను. నాకు ముక్కు మీద కోపం. ధర అడిగి కొనకుండా పోతే కోపం, కొని బాగాలేదని వాపసు తెస్తే ఇంకా కోపం. "నీతోని దుకాణం కాదు, ఠాణా పెట్టియ్యాల్సి ఉండె" అంటుంది మా ఆవిడ సుశీల. అలాంటి నన్ను కూడా వీరలక్ష్మి వదల్లేదు. దుకాణం తెరిచిన కొత్తలోనే వచ్చి, నన్ను అన్నను చేసి, సుశీలను వదినను చేసి, ఒక కొబ్బరికాయ కొనుక్కుని వెళ్లిపోయింది.

అప్పుడు నేను లోలోపల సంతోషపడ్డాను. వరుస కలిస్తే గిరాకీ కలుస్తుందని వ్యాపారస్తుడి లెక్క. అన్న కావడమంటే ఏమిటో తర్వాత తెలిసింది. రాఖీ పున్నం నాడు నేను షట్టర్ ఎత్తకముందే తలస్నానం చేసి గుమ్మంలో నిలబడుతుంది. బతుకమ్మకు పుట్టింటి చీర మా ఇంటి నుంచే పోవాలి. భర్త ఎల్లయ్య మీద అలిగితే నా దగ్గరికే వస్తుంది. "అన్నవు గద, అడుగు మీ బావను" అంటుంది. ఎల్లయ్య కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరైనవాడు, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఆయన్ను ఏమని అడగను? అయినా అడిగేవాణ్ణి. ఆయన తల ఊపేవాడు. ఆమె శాంతించేది.

వాళ్ల పొలం మీద ఇప్పుడు కంపెనీ గోడలున్నాయి. మిగిలిన కాస్త జాగాలో వరసగా గదులు కట్టి కిరాయికి ఇచ్చారు. వరుస కట్టడం మన పల్లెల్లో కొత్త కాదు. ఊరంటే కాక, చిన్నమ్మ, మామ, బావ. కులం వేరైనా పిలుపు పిలుపే. కానీ అవి తాతల నాడు కట్టిన వరుసలు, మనం వాటిలో పుట్టాం. షిఫ్టు మారినట్టు మనుషులు మారిపోయే చోట, ఎవరికెవరూ కాని చోట, కూర్చుని ఒక్కొక్కరికీ కొత్తగా వరుసలు కట్టిన మనిషిని నేను ఈమెనొక్కదాన్నే చూశాను.

మొదట్లో నాకు ఇదంతా నవ్వులాటగా ఉండేది. ఒకరోజు వాళ్ల వాకిట్లో నల్లా దగ్గర గొడవ మొదలైంది. ఒకడు బీహారువాడు, ఒకడు మెదక్ వాడు. బకెట్ నేను ముందు పెట్టానంటే నేను ముందు పెట్టానని తిట్టుకుని తిట్టుకుని, మెదక్ వాడు చేతిలో ఉన్న ఇనుప బకెట్ పైకెత్తాడు. నేను గల్లా మీది నుంచి లేచి పరుగెత్తేలోపే వీరలక్ష్మి వాళ్ల నడుమకు వచ్చింది. ఎవరిది తప్పని అడగలేదు. "అయ్యో, మీ ఇద్దరికీ నడుమ వరుస కట్టుడే మర్సిన" అంది. బీహారువాడి వైపు తిరిగి, "ఏ తుమ్హారా సాలా. తుమ్ ఇస్కా జీజా" అంది. వాడు ఒక్క క్షణం అయోమయంగా చూసి పగలబడి నవ్వాడు, ఎందుకంటే అప్పటిదాకా వాడు తిడుతున్న తిట్టు అదే. "బావ బామ్మర్దులు తిట్టుకోవచ్చు. కొట్టుకోవద్దు" అని రూలు చెప్పి ఆమె లోపలికి పోయింది. ఆ ఇద్దరూ తర్వాత కూడా రోజూ తిట్టుకునేవాళ్లు. కాకపోతే తిట్టుకుంటూ ఒకే బీడీ కట్ట పంచుకునేవాళ్లు. నేను దుకాణంలో కూర్చుని అది చూస్తూ ఉండేవాణ్ణి. ఒక్క మాటతో మనుషులు అలా మారిపోతారని ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు.

నాకు ఇంకో అలవాటుంది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఫోన్‌లో ప్రవచనాలు, ఉపన్యాసాలు పెట్టుకుని వింటాను, వింటూ వాళ్లతో పోట్లాడతాను. అలా ఒకరోజు ఎవరో ఒకాయన పాత చైనా జ్ఞానుల గురించి చెబుతుంటే చెవిన పడింది. చైనా మాలంటే మన దగ్గర ఒక పేరుంది, ఇయ్యాల కొంటే రేపు పాడవుతుందని. కానీ ఈ మాటలు రెండున్నర వేల ఏళ్ల కిందటివట. ఇంకా పాడవలేదు. అందుకని సౌండు పెంచాను.

అందులో ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు నా నోటికి తిరగదు, చైనా తాత అనుకోండి. రాజ్యం చెడిపోయినప్పుడు సిపాయిల్ని పెంచితే బాగుపడదు, ముందు పిలుపుల్ని సరిచెయ్యాలి అనేవాడట. తండ్రి అని పిలిపించుకున్నాక తండ్రిగా నడుచుకోవాలి, కొడుకని పిలిపించుకున్నాక కొడుకుగా నడుచుకోవాలి. పిలుపు ఒకటి, నడత ఒకటి అయితే ఏ పనీ నిలబడదట. పూజలూ మర్యాదలూ దండాలూ కూడా దేవుడి కోసం కాదట, చేసే చేతిని బట్టి మనసు తయారవుతుందట.

నాకు నోరు తెరుచుకుపోయింది. ఇది మా గేటెదుటి వీరలక్ష్మి కథ కదా! సరిగ్గా అప్పుడే ఆమె చింతపండు కోసం వచ్చింది. ఆపి మరీ వినిపించాను.

"ఈయన ఎవలన్నా?" అంది.

"చైనా తాత."

"తాతనా? అయితే నాకూ తాతనే." ఆయన్ను కూడా వదల్లేదు. మొత్తం విని, చింతపండు కవరు చేతిలోకి తీసుకుని, "గీ మాటకు గంత దూరంకెల్లి రావాల్నా? పిలిస్తె చెయ్యాలె. చెయ్యనోడు పిలువొద్దు" అని వెళ్లిపోయింది.

మర్నాడు ఇంకో భాగం విన్నాను. అందులో ఇంకో తాత. ఈయన మొదటి తాత మాట ఒప్పుకోడు. పేరు పెట్టిన క్షణాన అసలుది చేజారిపోతుందంటాడు. మనిషి నీళ్లలా ఉండాలట. ఎవరూ కోరని పల్లానికి అవే పోతాయి, అక్కడే అందరి దప్పికా తీరుస్తాయి. నేను ఉడికించడానికని వీరలక్ష్మికి చెప్పాను, మీ తాతకు పోటీ వచ్చాడని. "తాతలు తాతలు కొట్లాడుకోని. మనుమరాలు ఇద్దరిదీ ఇనాలె" అని నవ్వింది.

ఆ నవ్వు కొన్నాళ్లకే మాయమైంది.

నారాయణఖేడ్ దిక్కు నుంచి వచ్చిన శ్రావణ్‌కుమార్ అనే పిల్లవాడు ఆమె గదుల్లో చాలాకాలంగా ఉంటున్నాడు. మందుల కంపెనీలో పని. వీరలక్ష్మి వాణ్ణి తమ్ముణ్ణి చేసింది. వాడి తండ్రి పోచయ్య రైతు. కొడుకును చూడటానికి వచ్చినప్పుడు ఆయన జొన్నలు, కందులు మూట కట్టి తెచ్చేవాడు. "నా కొడుక్కు అక్కవైతె నాకు బిడ్డవే" అని మొదటిసారే ఆమెను కూతుర్ని చేసేశాడు. ఈ వరుసల పిచ్చిలో వీరలక్ష్మికి దీటైనవాడు ఆయనొక్కడే.

తర్వాత రచన వచ్చింది. జోగిపేట దిక్కు పిల్ల. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు, అమ్మమ్మ పెంచింది, ఆ అమ్మమ్మ కూడా పోయాక మందుల ప్యాకింగ్ సెక్షన్‌లో పనికి కుదిరి, ఇంకో ఇద్దరు అమ్మాయిలతో గది తీసుకుంది. వీరలక్ష్మి ఆమెను చెల్లెను చేసింది. కంపెనీ బస్సు ఇంకా తెల్లవారకముందే వస్తుంది, బస్సు ఆగే చోటు దాకా దారిలో కుక్కలు. అందుకని శ్రావణ్‌ను పిలిచి అప్పజెప్పింది. "నాకు చెల్లె అంటె నీకూ చెల్లెనే. రోజు బస్సు దాంక తోలిచ్చి రా."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. నేను దుకాణం తెరుస్తూ రోజూ చూసేవాణ్ణి, వాళ్లిద్దరి నడుమ దూరం తగ్గుతూ రావడం. కుక్కలు కూడా వాళ్లకు అలవాటు పడి మొరగడం మానేశాయి. ఒక్క వీరలక్ష్మికే తెలియలేదు.

తెలిసిన రోజు పోచయ్య కూడా ఇక్కడే ఉన్నాడు. శ్రావణ్ తండ్రి ముందూ అక్క ముందూ నిలబడి చెప్పేశాడు, రచనను చేసుకుంటానని. కులాలు కలిశాయి. జాతకాలు కూడా చూపించుకున్నారట, అవీ కలిశాయి. కలవనిది వరుస.

పోచయ్య తల పట్టుకున్నాడు. "పిల్ల మంచిదేరా. నాకేం కోపం లేదు. గని నా బిడ్డ చెల్లె నాకు బిడ్డైతది. బిడ్డను కోడలుగ ఎట్ల తెచ్చుకుంటర్రా?"

"నెత్తురు సంబంధం లేదు గద బాపూ!"

"నెత్తురుంటెనే వరుసనా? మరి గీ అక్కను ఎందుకు అక్క అన్నవు?"

వీరలక్ష్మి కూడా పోచయ్య మాటే సరైందంది, వరుస కాని పెళ్లి వద్దంది. గదుల్లోవాళ్లు రిజిస్ట్రార్ ఆఫీసుకు పొమ్మని సలహా ఇచ్చారు. వాడు సిద్ధమే. రచన ఒప్పుకోలేదు. "నాకు ఉన్నది అక్క ఒక్కతే. అక్క కాదన్నంక నాకెందుకు పెండ్లి" అంది. అప్పటి నుంచి బస్సు దాకా ఒక్కతే పోవడం మొదలుపెట్టింది. శ్రావణ్ గది ఖాళీ చేసి బొల్లారం వెళ్లిపోతానన్నాడు. పిల్ల మొహం చూస్తే నాకే గుండె పిండినట్టుండేది. అలాంటి పిల్లకు ఇంకో సంబంధం తెచ్చేవాళ్లెవరు? ఆమె బతుకంతా వీరలక్ష్మి నోటి మాట మీద నిలబడి ఉంది.

వీరలక్ష్మి మా దుకాణం ముందు బల్ల మీద వచ్చి కూర్చుంది. నేను అలాంటివి చూస్తూ ఊరుకోలేను.

"ఏంది లక్ష్మీ, గింత దానికి గంత పరేషాన్ ఎందుకు? మాట నువ్వే కట్టినవు, నువ్వే ఇప్పు. పిల్లను చెల్లె అనుడు బంద్ చేసి బిడ్డా అను. అయిపాయె. శ్రావణ్ నీ తమ్ముడే గద, పిల్లకు మేనమామ అయితడు. మేనమామకు పిల్లనిచ్చుడు మనకు కొత్తనా? పోచయ్యకు మనుమరాలే కోడలైతది, ఎగిరి గంతేస్తడు. నెత్తురు కలవని మేనరికం, డాక్టర్లు కూడా ఏమనరు."

నా తెలివికి నేనే మురిసిపోయాను. మామూలుగా అయితే ఆమె కూడా తొడ చరిచి మెచ్చుకునేది. ఈసారి బల్ల మీది నుంచి లేచి గేటు లోపలికి వెళ్లిపోయింది. తీసుకున్న నూనె ప్యాకెట్ బల్ల మీదే ఉండిపోయింది.

సాయంత్రం ఆ ప్యాకెట్ కోసం ఎల్లయ్య వచ్చాడు. తీసుకుని పోలేదు. నిలబడ్డాడు. అంతసేపు మాట్లాడటం ఆయన్ను నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

"మా తమ్ముని బిడ్డ పూజ ఎరికే గద, సంగారెడ్డిల ఉంటది. అది పుట్టినప్పుడు తల్లికి పానం అస్సలు బాగలేకుండె. పొత్తిళ్లల్లనే మేం తెచ్చుకున్నం. మాకు పిల్లల్లేరాయె. బడికి పొయ్యే ఈడు దాంక ఈడనే పెరిగింది. లక్ష్మిని అమ్మా అనేది. ఇగ దాని తల్లికి నయమై వచ్చి అడిగింది. కన్నతల్లి అడిగితె ఎట్ల కాదంటవు? పిల్ల పోనని ఏడ్సింది. లక్ష్మి ఏడ్వలే. దాన్ని ఒళ్లె కూసుండవెట్టుకొని, గామె అమ్మ, నేను పెద్దమ్మ, అను బిడ్డా అన్నది. అది అననన్నది. అనేదాంక ఒళ్లెకెల్లి దింపలే. పెద్దమ్మా అన్నంక దించి, చెయ్యి పట్టి తల్లి చేతుల పెట్టింది. గప్పటిసంది ఎవ్వల్నీ బిడ్డా అని పిలువది."

ఆయన ప్యాకెట్ తీసుకుని వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడిపోయాను. మా వైపు ఏ పెద్దామెను చూసినా దారినపోయే పిల్లలందరినీ బిడ్డా అంటుంది. వీరలక్ష్మి గదుల్లో అన్నలున్నారు, మరుదులున్నారు, అల్లుళ్లున్నారు, ఆఖరికి చైనా తాత కూడా ఉన్నాడు. బిడ్డ లేదు. అది నేను ఒక్కనాడూ గమనించలేదు. రచన వయసుకు ఆమె బిడ్డే అవ్వాలి. పద్ధతి ప్రకారం చూసినా, ప్రేమ ప్రకారం చూసినా అదే సరైన వరుస. ఆ మాట నోట రాక, పక్కనున్న మాటతో సరిపెట్టుకుంది. పిలుపు తప్పింది, పని చెడింది. తాత చెప్పింది చెప్పినట్టు మా గేటు ముందే జరిగింది.

తెల్లారి ఆమె వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి కానీ గొంతు మామూలుగానే ఉంది.

"అన్నా, జల్దీ దుకాణం బంద్ వెట్టు. సంగారెడ్డికి పోవాలె."

"సంగారెడ్డిల ఏమున్నది?"

"పూజను అడగాలె."

నాకు కోపం వచ్చింది. "నీకేమన్న పిచ్చా? గీ పిల్ల పెండ్లికి, దానికి ఏం సంబంధం? అడుగుడేంది?"

"గా పిలుపు దాందన్నా" అంది. "ఒకలకిచ్చినదాన్ని ఇంకొకలకు ఇచ్చేటప్పుడు అడగొద్దా?"

షట్టర్ దించాను. ఏమనగలను? మనుషులు ఇల్లు అమ్మేటప్పుడు కూడా అన్నదమ్ముల్ని అడగని కాలం ఇది. ఎన్నడో తన చేతులతో తానే తీసేసిన పిలుపు కోసం, దాన్ని మరిచిపోయి ఉండే మనిషి అనుమతి అడగడానికి ఈమె బస్సెక్కుతోంది. ముత్తంగి దగ్గర లారీలు అడ్డంగా ఆగిపోయి బస్సు కదలలేదు. నేను డ్రైవర్‌నూ లారీలవాళ్లనూ కలిపి తిడుతున్నాను. ఆమె ఒడిలో స్టీలు డబ్బా పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. డబ్బాలో రొట్టె, బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దలున్నాయి. పొద్దున్నే లేచి చేసినట్టుంది.

పూజ ఇంట్లోనే ఉంది. పెళ్లయి, ఒక కొడుకు. ఇంటి ముందు గదిలో బ్లౌజులు కుడుతుంది. "పెద్దమ్మా! సోమన్న మామా! ఫోనన్న చెయ్యకుంట వచ్చిండ్రేంది?" అని మిషన్ మీది నుంచి లేచింది. వీరలక్ష్మి నీళ్లు తాగలేదు, కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. రచన సంగతి, శ్రావణ్ సంగతి, వరుస అడ్డుపడ్డ సంగతి.

"ఆ పిల్లను బిడ్డా అంటె గని కుదురది. నిన్ను అడుగుదామని వచ్చిన. నీకు యాదికున్నదో లేదో. నువ్వు వద్దంటె అనను."

పూజ మిషన్ మీద ఉన్న గుడ్డను మడతపెట్టింది, మళ్లీ విప్పింది. తర్వాత వీరలక్ష్మి దగ్గరికి వచ్చి నిలబడింది.

"నేను నిన్ను పెద్దమ్మా అని ఎందుకంటున్ననో ఎరికేనా?"

వీరలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"అనుమని నువ్వు చెప్పినవు. అమ్మ చెప్తె ఇనాలె గద. గిన్నేండ్ల సంది నీ మాట దాటలే."

వీరలక్ష్మి నేల మీదే కూలబడింది. పూజ పక్కన కూర్చుని ఆమె తలను తన భుజం మీదికి తీసుకుంది. "ఆ పిల్లకు ఇయ్యి" అంది. "గని నాది వాపస్ తీసుకోకు."

నేను బయటికి వచ్చేశాను. ఎవరైనా చూస్తే ఎండకు కళ్ల నీళ్లు కారుతున్నాయనుకోవాలని రోడ్డు మీద నిలబడ్డాను. జీవితంలో నేను చాలా గుళ్లకు వెళ్లాను, ఏ గర్భగుడి ముందూ నాకు అంత భయభక్తులు కలగలేదు. ఒక పసిపిల్ల, తల్లి మాట విని, అమ్మా అనడం మానేసింది. మానేయడమే ఆమె బిడ్డగా చేసిన పని. తిరుగు బస్సులో ఇద్దరు తాతల్నీ తూకం వేసి చూశాను. పేరు పోయినా అసలుది పోలేదు కనుక రెండో తాతే గెలిచాడనుకున్నాను. కాసేపటికి, కాదు, ఇచ్చిన పిలుపును అంత నిజంగా పాటించారు కనుకే అసలుది నిలిచింది, మొదటి తాతే గెలిచాడనిపించింది. బీరంగూడ దాటి ఇల్లు చేరేదాకా తేల్చలేకపోయాను. పక్కన వీరలక్ష్మి ఖాళీ డబ్బా ఒడిలో పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది.

ఇంటికి రాగానే ఆమె చేసిన మొదటి పని రచనను తిట్టడం. గది ముందు నిలబెట్టి, వాకిలంతా వినపడేలా తిట్టింది. "ఇన్నొద్దులు నాకు జెప్పకుంట దాస్తవా? అక్కనైతె ఊకుందునేమో. అమ్మను, ఊకుంటనా?" రచనకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక తిట్లు వింటూ వింటూనే ఏడుస్తూ నవ్వింది. అమ్మమ్మ పోయాక ఆ పిల్లను అలా తిట్టినవాళ్లు లేరు.

మీరు గమనించారో లేదో, ఇందులో వీరలక్ష్మి పోగొట్టుకున్నది చాలా ఉంది. శ్రావణ్‌కు అక్కగా ఉండి ఉంటే పెళ్లిలో ఆమె మగపెళ్లివారి ఆడపడుచు. కొత్త చీర పెట్టించుకుని, అలిగి, బతిమాలించుకునే హోదా. ఇప్పుడు పిల్ల తల్లి. అందరి కంటే కింద నిలబడాలి, తన ఇంట్లో కిరాయికి ఉన్న పిల్లవాడి కాళ్లే పళ్లెంలో పెట్టి కడగాలి. నేను ఆ మాట అంటే ఆమె నవ్వేసింది. "పల్లంల ఉంటెనే గద నీళ్లు దొరికేది" అంది. రెండో తాత మాట ఈమెకు నేను చెప్పానా, నాకు ఈమె చెబుతోందా అని తికమకపడ్డాను. నాకూ తప్పలేదు. పిల్లకు నేనూ మేనమామనే కదా, పెళ్లినాడు గంపలో కూర్చోబెట్టి మోసుకురావాలట. నా నడుము సంగతి ఎవరికీ పట్టలేదు.

పోచయ్యకు కబురు పంపితే, ఆయన నిజంగానే ఎగిరి గంతేశాడు. "బిడ్డ కడుపున పుట్టిన పిల్ల కోడలుగ వస్తె అంతకన్న భాగ్యమేముంది" అని బంధువుల్ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వచ్చాడు. నిశ్చితార్థం గదుల ముందు వాకిట్లోనే. బీహారు బావ, మెదక్ బామ్మర్ది కలిసి షామియానా కట్టారు, తిట్టుకుంటూనే. పూజ పొద్దున్నే సంగారెడ్డి నుంచి వచ్చి, తాను కుట్టిన బ్లౌజు రచనకు తొడిగి, జడ వేసి, ఆమె పక్కనే కూర్చుంది.

మగపెళ్లివారి తరఫున వాళ్ల ఊరి పెద్ద నర్సింహులు లేచి, ఆనవాయితీ ప్రకారం అడిగాడు. "పిల్ల ఎవలి బిడ్డ? ఎవలిస్తున్నరు?"

ఎవరికి ఏ వరుసైనా చిటికెలో కట్టేసే వీరలక్ష్మి నోరు విప్పడానికి అంతసేపు తీసుకోవడం నేను చూడలేదు. ఎల్లయ్య ఆమె మోచేతిని మెల్లగా తాకాడు.

"నాది" అంది. "నా చిన్నబిడ్డ."

నర్సింహులుకు ఏమీ తెలియదు. మర్యాదకు, మాట కలపడానికి అడిగాడు. "మరి పెద్దబిడ్డ ఏదమ్మా?"

రచన పక్కన కూర్చున్న పూజ చెయ్యెత్తింది. "నేనే తాతా" అంది.